అమ్మోనియా వాసన అలవాటు చేసుకోకండి

(పశ్చిమ గోదావరి జిల్లాలో రొయ్యల శుద్ధి కేంద్రాలు, ఐసు ఫ్యాక్టరీల సిబ్బందికి ఏర్పాటు చేసిన భద్రతా శిక్షణలో ఒక విశ్రాంత ప్లాంటు ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పరిచయం చేసినాయన నన్ను నిపుణుణ్ణి చేసేశారు. నేను కంప్రెసర్ల మధ్య ముప్పై నాలుగేళ్లు బతికి బయటపడ్డవాణ్ణి, అంతకుమించి ఏమీ లేదు. ఆ మోత వల్ల చెవులు కొంచెం మొద్దుబారాయి. ప్రశ్నలు అడిగేవాళ్లు మొహమాటపడకుండా గట్టిగా అడగండి.

ముందు నేనే ఒకటి అడుగుతాను. వీధిలో కూర్చుని ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లను చూసినవాళ్లు ఎంతమంది? సరే, చేతులెత్తిన వాళ్లందరికీ నాలాగే తల నెరిసింది. గిన్నె కాలాక ఆయన ఒక పొడి చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది, ముక్కు పుటాలు మండేవి. ఆ పొడి నవాసాగరం. వేడి తగలగానే అందులోంచి అమ్మోనియా బయటికి వస్తుంది. కళాయి చూడని చిన్నవాళ్లు కూడా తెల్లవారుజామున గొడ్ల చావిడి తలుపు తీసి ఉంటారు. కళ్లు చెమర్చే ఆ ఘాటు కూడా ఇదే. అంటే ఈ వాయువు మనకు కొత్త కాదు, చిన్నప్పటి నుంచి ముక్కుకు తెలిసినదే. నా భయం కూడా అక్కడే ఉంది. తెలిసిన వాసనను మనం లెక్కచేయం.

చాలా విష వాయువులు దొంగతనంగా వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు, నిద్రలోనే ప్రాణం తీసుకుపోతుంది. అమ్మోనియా అలా కాదు, తలుపు తట్టి వస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు ఏ అయిదో పదో పాళ్లు కలిస్తే చాలు, చాలామంది ముక్కు పసిగట్టేస్తుంది. ఈ కొలతనే పీపీఎం అంటాం. ఎనిమిది గంటల షిఫ్టు చేసే మనిషికి 25 పీపీఎం దాటకూడదన్నది పరిశ్రమలో పాటించే హద్దు. 300 దగ్గర ప్రాణాపాయం మొదలైనట్టే లెక్క, అక్కడ మామూలు మాస్కుతో నిలబడకూడదు. కొన్ని వేలకు చేరితే గొంతు బిగిసి, నిమిషాల్లో మనిషి పోతాడు. చూడండి, మొదటి హెచ్చరికకూ చావుకూ మధ్య ఎంత దూరం ఉందో! ఇంత ముందుగా చెప్పే విషం అరుదు. అయినా ప్రమాదాలు జరుగుతున్నాయంటే, అది చెప్పలేదని కాదు, మనం వినలేదని.

ఎందుకు వినం? ముక్కు అలసిపోతుంది. రోజూ కాస్త కాస్త పీలుస్తుంటే వారానికల్లా వాసన తెలియడం మానేస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయి "సార్, ఏదో ఘాటుగా ఉంది" అంటుంది. ఫోర్‌మన్ నవ్వి "నాలుగు రోజుల్లో అలవాటైపోతుందిలే అమ్మా" అంటాడు. నేను కూడా ఎంతమందితో అన్నానో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు వేస్తుంది. ఆ ప్లాంటులో సరిగా పనిచేస్తున్న పరికరం ఆ అమ్మాయి ముక్కు ఒక్కటే, దాన్ని కూడా పాడుచేసుకోమని సలహా ఇచ్చాను.

ఇంత ఘాటైనదాన్ని మన ప్లాంట్లలో ఎందుకు పెట్టుకున్నామని అడగవచ్చు. కారణం ఉంది. 1870లలో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండె అమ్మోనియాతో శీతలీకరణ యంత్రం తయారుచేశాడు. అప్పటి నుంచి పెద్ద ఎత్తున చలువ చేయడానికి దీన్ని మించినది దొరకలేదు. ధర తక్కువ, వేడిని విపరీతంగా లాగేసుకుంటుంది, ఓజోన్ పొరకు హాని చేయదు, భూమిని వేడెక్కించదు. మీరు వలిచిన రొయ్య గడ్డకట్టి సముద్రాలు దాటి వెళుతోందంటే దాని చలవే. కాబట్టి అమ్మోనియాను శత్రువుగా చూడమని చెప్పడానికి నేను రాలేదు. ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఉందని మనం వంట మానలేదు కదా.

దాని స్వభావం రెండు మూడు మాటల్లో చెబుతాను. ద్రవ అమ్మోనియా మామూలు వాతావరణ ఒత్తిడిలో మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. మన మే నెల ఎండల్లో, 40 డిగ్రీల వేడిలో, దాన్ని ద్రవంగా పట్టి ఉంచాలంటే రిసీవరులో, అంటే ఆ ద్రవం నిల్వ ఉండే పాత్రలో, కారు టైరు కన్నా ఆరు రెట్లకు పైగా ఒత్తిడి ఉండాలి. బయటపడితే ఒక లీటరు ద్రవం దాదాపు 850 లీటర్ల వాయువవుతుంది. పైగా దానికి నీళ్లంటే తీరని దాహం. ఎక్కడ తేమ ఉంటే అక్కడికి వెళుతుంది. మన ఒంట్లో తేమ ఎక్కడ ఉంటుంది? కళ్లు, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, చంకలు, గజ్జలు. సరిగ్గా అక్కడే కాలుస్తుంది.

ఇప్పుడు పుస్తకాలు చదివినవాళ్లకు ఒక మాట. అమ్మోనియా గాలికన్నా తేలిక అని చదువుకున్నాం, పరీక్షల్లో రాశాం. నిజమే, వాయువు బరువు గాలి బరువులో సుమారు 60 శాతమే. అందుకే చాలామంది "పైకి పోతుందిలే, కింద వంగి ఉంటే చాలు" అంటారు. అయితే ఒత్తిడిలో ఉన్న ద్రవం పైపులోంచి చిమ్మినప్పుడు సన్నటి తుంపరగా, గడ్డకట్టించే చల్లదనంతో వస్తుంది. గాలిలోని తేమతో కలిసి తెల్లటి మబ్బులా నేలను పట్టుకుని పాకుతుంది. సముద్రం దగ్గర మన గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. శీతకాలం తెల్లవారుజామున మంచు పొలం మీద ఎలా పరుచుకుంటుందో, ఈ మబ్బు కూడా అలాగే కాలువ గట్ల వెంట, పల్లంలో ఉన్న ఇళ్ల వైపు పోతుంది. కాబట్టి తెల్ల మబ్బు కనిపిస్తే పుస్తకం పక్కన పెట్టండి. వాసన మాత్రమే ఉండి మబ్బు లేకపోతే అది పైకి పోయే రకం. మబ్బు ఉంటే అది మీ కాళ్ల దగ్గరికి వచ్చే రకం.

నా కథ ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ ఎడమ కంటికి మసక ఎందుకో మీకు తెలియదు.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఒక ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటర్ని. మీలో ఆపరేటర్లకు తెలుసు, కంప్రెసరులోంచి కొంత నూనె అమ్మోనియాతో పాటు వెళ్లిపోతుంది. అది అమ్మోనియాలో కరగదు, దానికన్నా బరువు, అందుకే రిసీవరు అడుగునా కాయిళ్ల అడుగునా చేరుతుంది. వారానికోసారి దాన్ని బయటికి తీయాలి. ఈ నూనె తీసే పని చూడటానికి మురికి పని, పనికిమాలిన పని. అమ్మోనియా ప్లాంట్లలో మనుషులు ఎక్కువగా గాయపడేది ఇక్కడే. ఆ డ్రెయిన్ దగ్గర స్ప్రింగు వాల్వు ఉంటుంది. చేత్తో పట్టుకుని ఉన్నంతసేపే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. పట్టుకున్నవాడు కుప్పకూలినా అది మూసుకోవాలని అలా చేశారు.

ఆ రోజు నూనె చిక్కగా, జిగురులా ఉంది. ఎంతసేపు పట్టుకున్నా చుక్కలు చుక్కలుగా పడుతోంది. నా చెయ్యి లాగేస్తోంది. నేను తెలివైనవాణ్ణి కదా! వాల్వు హ్యాండిల్‌ను ఇనుప తీగతో కట్టేశాను. కట్టేసి టీ తాగడానికి వెళ్లలేదు లెండి, అంత మాత్రం బుద్ధి ఉంది. పక్కనే నిలబడి బీడీ వెలిగించబోయాను. అదీ నా బుద్ధి. (నవ్వులు) నవ్వండి. గాలిలో అమ్మోనియా 15 నుంచి 28 శాతం చేరితే అంటుకుంటుందని అప్పుడు నాకు తెలియదు.

అగ్గిపుల్ల గీయకముందే జిగురు కదిలింది. నూనె ఒక్కసారి ఊడిపడి, వెనకాల ఉన్న ద్రవ అమ్మోనియా ముఖం మీదికి వచ్చింది. తీగ విప్పాలి. కళ్లు తెరుచుకోవడం లేదు. ఊపిరి తీసుకోబోతే గొంతు తనంతట తానే మూసుకుపోయింది. తలుపు ఎడమవైపో కుడివైపో అర్థం కాలేదు. మూడేళ్లుగా రోజూ తిరిగిన గది అది. మా ఫోర్‌మన్, పెద్దాయన, తడిపిన గోనెసంచి మొహానికి చుట్టుకుని వచ్చి నన్ను కాలర్ పట్టి ఈడ్చుకుపోయాడు. ఐసు అచ్చులు తడిపే తొట్టిలో తల ముంచి, కనురెప్పలు రెండు వేళ్లతో విడదీసి పట్టుకుని నీళ్లు కొడుతూనే ఉన్నాడు. నేను తన్నుతున్నాను, తిడుతున్నాను, ఆయన వదల్లేదు. తరవాత ఆసుపత్రిలో డాక్టరు అన్నారు, "ఆ నీళ్లే నీ కళ్లు కాపాడాయి" అని. ఆ రోజు మా ఇద్దరికీ అదృష్టం ఉంది. గోనెసంచితో అలా లోపలికి వెళ్లడం మీరెవ్వరూ చేయకూడదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇందులోంచి నేను నేర్చుకున్నది ఇది. స్ప్రింగు వాల్వును కట్టడం, పోటు పెట్టడం, రాయి ఆనించడం, ఏదైనా సరే, అది ఆత్మహత్య. నూనె తీసేముందు ఆ పాత్రను మిగతా లైనుతో వేరుచేసి, అందులోని అమ్మోనియాను కంప్రెసరు చేత లాగించి, ఒత్తిడి దాదాపు సున్నాకు వచ్చాకనే డ్రెయిన్ తెరవాలి. ఒక మనిషి చేస్తుంటే ఇంకొక మనిషి తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండాలి. చేయి వదిలి వెళ్లాలంటే మూసేసి వెళ్లాలి. ఇది అరగంట ఎక్కువ పడుతుంది. యజమానులు ముందు వరసలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ అరగంటకు తొందరపెట్టకండి.

అలాగే రెండు వాల్వుల మధ్య ద్రవాన్ని బంధించి వదిలేయడం. మరమ్మతు కోసం అటూ ఇటూ మూసేస్తాం. మధ్యలో మిగిలిన ద్రవం ఎండకు వేడెక్కి ఉబ్బుతుంది. ద్రవం నలగదు, అందుకే పైపు చీలుతుంది. ఇత్తడి, రాగి భాగాలు అమ్మోనియాకు పనికిరావు, తినేస్తుంది. గేజీ పాడైతే బజార్లో దొరికిన ఇత్తడి గేజీ తెచ్చి బిగించడం నేను ఎన్నోచోట్ల చూశాను.

చిన్న లీకు ఎక్కడుందో పట్టడానికి పాతవాళ్లు గంధకపు పుల్ల వెలిగించేవారు. గంధకం పొగా అమ్మోనియా కలిస్తే తెల్లటి పొగ పుడుతుంది, నవాసాగరం పొగకు వరసకు అన్నదమ్ములాంటిదే. కంప్రెసరు గదిలో గ్లాండు దగ్గర, అంటే తిరిగే ఇరుసు చుట్టూ లీకు కాకుండా బిగించిన చోట, చిన్నగా కారుతుంటే అది పనికొస్తుంది. రొయ్యలున్న గదిలో మాత్రం వద్దు. అక్కడ తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం పట్టుకుని వెళ్లండి, లీకు దగ్గర నీలంగా మారుతుంది. సెన్సర్లు పెట్టుకున్నవాళ్లు ఇంకా మంచిది. ఒకచోట సెన్సరు ఊరికే మోగుతోందని దానికి పాలిథిన్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేశారు. మోగేది నిజమో కాదో చూడటం కన్నా నోరు మూయించడం సులభం మరి.

మనకు బాగా అలవాటైన ఇంకో సంగతి, కరెంటు పోవడం. 2010 ఆగస్టులో అమెరికాలో, అలబామా రాష్ట్రంలో ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీలో ఏడు గంటలపాటు కరెంటు పోయింది. వచ్చాక ప్లాంటు నడిపించేటప్పుడు ఒక ఆపరేటర్ అలారాలు చెరిపేస్తూ, ఒక ఫ్రీజరులో మంచు కరిగించే ప్రక్రియ మధ్యలో ఉండగానే కంట్రోలును మొదటికి తెచ్చాడు. కాయిలులోని వేడి వాయువూ చల్లటి ద్రవమూ ఒక్కసారి కలిశాయి. పైపులో సుత్తితో కొట్టినట్టు దెబ్బ తగిలి, కప్పు మీది పెద్ద పైపు పగిలింది. సుమారు 14,500 కిలోల అమ్మోనియా బయటపడింది. పక్క రేవులో ఓడల మీద పనిచేసేవాళ్లతో కలిపి 150 మందికి పైగా చికిత్సకు వెళ్లారు. అక్కడ పైపు పాతబడలేదు, వాల్వు చెడిపోలేదు. పని మధ్యలో ఉండగానే మొదటికి తేవడమే అసలు కారణం. కరెంటు వచ్చిన వెంటనే లోపల రొయ్య మెత్తబడుతోందన్న కంగారులో ఉంటాం. ఆ పది నిమిషాలే మన పరిశ్రమలో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. ఏ ఫ్రీజరు ఏ దశలో ఆగిందో పుస్తకంలో చూసుకుని, డీఫ్రాస్టులో ఉన్నదాన్ని పూర్తిగా ఖాళీ చేశాకనే మళ్లీ చలువకు తిప్పండి.

సరే, ఇంత జాగ్రత్తపడ్డా పైపు పగిలింది. ఏం చేయాలి?

ముందుగా మాస్కు సంగతి. డబ్బా ఉన్న మాస్కు, ఆకుపచ్చ పట్టీ ఉన్నది, అమ్మోనియాను కొంతవరకే పీలుస్తుంది. అది పారిపోవడానికి, లేదా చిన్న లీకు దగ్గరికి వెళ్లడానికి. తెల్ల మబ్బులోకి వెళ్లడానికి కాదు. ఆ డబ్బాకు గడువు తేదీ ఉంటుంది. ఒకసారి సీలు విప్పాక దాని ఆయుష్షు మొదలైనట్టే. గడ్డం ఉన్నవాళ్లకు మాస్కు చర్మానికి అతకదు, పక్కల నుంచి వాయువు దూరుతుంది. మబ్బులోకి వెళ్లాలంటే వీపున గాలి సిలిండరు ఉన్న సెట్టూ, ఒళ్లంతా కప్పే రసాయన సూటూ ఉండాలి. అది కూడా ఇద్దరిద్దరుగానే. అవి రెండూ లేకుండా లోపలికి వెళ్లే వీరుడు బయటికి రావాల్సిన శవాల లెక్కను ఒకటి పెంచుతాడు. మా ఫోర్‌మన్ అదృష్టం అన్నానే, అదే.

ఆపరేటరు బయటికి వస్తూ చేయాల్సినవి తక్కువ. గది బయట ఉన్న అత్యవసర స్విచ్చు నొక్కి కంప్రెసర్లు ఆపాలి. అందుతుంటే, ఊపిరి ఆడుతుంటే, రిసీవరు దగ్గరి కింగ్ వాల్వు, అంటే ద్రవం బయటికి వెళ్లే ప్రధాన వాల్వు, మూయాలి. సైరన్ మోగించాలి. ఆ స్విచ్చు గది లోపలే ఉంటే అది ఉన్నా లేనట్టే. మీ ప్లాంటులో ఎక్కడుందో ఇవాళ వెళ్లి చూసుకోండి.

మిగతావాళ్లు ఎటు పరుగెత్తాలి? "అసెంబ్లీ పాయింట్" అని గేటు దగ్గర ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంటుంది. ఒక్కటే ఉంటుంది. మన తీరంలో మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి ఊరి వైపు వీస్తుంది, రాత్రి నేల నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. నైరుతి ఋతుపవనాల్లో పడమటి గాలి. మరి ఒక్క గేటు అన్ని వేళలా ఎలా పనికొస్తుంది? పగటి షిఫ్టులో కాపాడిన చోటే రాత్రి షిఫ్టును చంపవచ్చు. కనీసం రెండు చోట్లు, ఎదురెదురు దిక్కుల్లో పెట్టండి. కప్పు మీద గాలి వాటం చూపే గుడ్డ సంచి కట్టండి, రాత్రి కనిపించేలా దాని మీద దీపం వేయండి. అది లేకపోతే జెండా, పొగ, చెట్టు కొమ్మ, ఏదైనా చూడండి. గాలికి ఎదురుగా వెళ్లాలనే మాట నిజమే, కానీ లీకు మీకూ ఆ దిక్కుకూ మధ్యలో ఉంటే దాని గుండా పోవద్దు. గాలికి అడ్డంగా, పక్కకు తప్పుకోండి. వరద వచ్చినప్పుడు ప్రవాహానికి ఎదురీదం కదా, అడ్డంగా ఒడ్డుకు పోతాం. ఇదీ అంతే.

వెనక వరసలో అమ్మ ఒకావిడ చెయ్యెత్తారు. చెప్పండమ్మా. … "తలుపు తాళం వేసి ఉంటే?" అని అడుగుతున్నారు.

(కాసేపు మౌనం)

ఈ ప్రశ్న యజమానులు వినాలి. 2013 జూన్‌లో చైనాలో, జిలిన్ రాష్ట్రంలో ఒక కోళ్ల శుద్ధి కేంద్రంలో మంటలు లేచాయి, అమ్మోనియా పేలింది, 121 మంది చనిపోయారు. తలుపులు మూసి ఉన్నాయి. సరుకు దొంగతనం జరుగుతుందని, పనివాళ్లు బయటికి తిరుగుతారని తాళాలు వేస్తారు. రొయ్యలు వలిచేది ఎక్కువగా ఆడవాళ్లు. చాలామంది ఒడిశా నుంచి, వేరే జిల్లాల నుంచి వచ్చి ప్లాంటు ఆవరణలోనే గదుల్లో ఉంటారు. 2024 జూలైలో తమిళనాడులో తూత్తుకుడి దగ్గర సముద్రాహార కేంద్రంలో అమ్మోనియా లీకైతే ఆసుపత్రి పాలైనవాళ్లలో ఒడిశా ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. మన రాష్ట్రంలోనే 2020లో ఆగస్టులో చిత్తూరు జిల్లాలో ఒక పాల కేంద్రంలో పడిపోయినవాళ్లు కూడా ఆడవాళ్లే. అదే ఏడాది జూన్‌లో నంద్యాలలో లీకు జరిగి ఒక సీనియర్ ఉద్యోగి ప్రాణం పోయింది. కాబట్టి అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ఒక్కటే. పనివేళల్లో ఆ తలుపుకు తాళం ఉండకూడదు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే కడ్డీ ఉండాలి. "ప్రమాదం" అన్న బోర్డు ఒడియాలో కూడా ఉండాలి. చదవలేనివాళ్లకు సైరన్ శబ్దం వినిపించి, నడిపించి చూపాలి. భోపాల్ తరవాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదం ముంచుకొస్తోందని అనుమానం వచ్చిన కార్మికుడికి ఆ సంగతి పైవాళ్లకు చెప్పే హక్కు ఉందని రాశారు. అడగడం మీ హక్కమ్మా, మర్యాద తప్పడం కాదు.

ఇప్పుడు నీళ్ల గురించి చెబుతాను. నీళ్లు స్నేహితులే, కానీ చోటు ఎరిగి వాడాలి. మబ్బు మీదికి, గాలి పోయే వైపున, నీటి తెరలా చిమ్మితే అమ్మోనియా అందులో కరిగి పడిపోతుంది. నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం నీళ్లు కొట్టకండి. నీళ్ల వేడికి అది సలసలా మరిగి పదింతలు మబ్బు లేస్తుంది. ఇంకోటి, ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? మీ పక్కన రొయ్యల చెరువులున్న రైతులకు చెప్పనక్కర్లేదు. చెరువులో అమ్మోనియా కాస్త పెరిగితేనే ఆయన రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతూ కూర్చుంటాడు. మనం కడిగిన నీళ్లు కాలువలో పడితే కోతకు వచ్చిన చెరువు తెల్లారేసరికి తేలిపోతుంది. డ్రెయినుకు ముందే అడ్డుకట్ట, గుంట ఉండాలి.

మనిషి మీద పడితే? నీళ్లు, నీళ్లు, నీళ్లు. కళ్లల్లో పడితే రెప్పలు విడదీసి కనీసం పదిహేను నిమిషాలు, వీలైతే అరగంట. గడియారం చూడండి, ఎందుకంటే పట్టుకున్నవాడికి రెండు నిమిషాలే అరగంటలా ఉంటుంది. ఇది క్షారం. ఆమ్లం పడితే పైపొర కాలి అక్కడితో ఆగే అవకాశం ఉంది, క్షారం మాత్రం కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. మంట తగ్గిందని ఆపకండి. నిమ్మరసం, వెనిగరు, వెన్న, పసుపు, ఏవీ రాయకండి. బట్టలు ఒంటికి గడ్డకట్టి అంటుకుని ఉంటే లాగకండి, చర్మం వస్తుంది. ముందు నీళ్లు పోసి కరిగించి, తరవాత విప్పండి. పీల్చినవాణ్ణి గాలిలోకి తెచ్చి, కూర్చోబెట్టి, ఆక్సిజన్ ఉంటే పెట్టండి. గొంతు బొంగురుపోయినా, ఊపిరితో పాటు కూత వచ్చినా ఒక్క నిమిషం ఆలస్యం వద్దు, గొంతు లోపల వాస్తోందని అర్థం. 108కి ఫోన్ చేసి "అమ్మోనియా" అన్న మాట తప్పక చెప్పండి. గ్యాస్ అంటే వాళ్లు వంట గ్యాస్ అనుకుంటారు. ఇంటికి వెళ్లి పడుకుంటానన్నవాణ్ణి పంపకండి. ఊపిరితిత్తుల్లో నీరు కొన్ని గంటల తరవాత కూడా చేరవచ్చు, ఒక రోజు ఆసుపత్రిలో ఉంచాలి.

ప్లాంటు బయట ఉన్న ఊరివాళ్ల సంగతి కూడా మనదే. ట్యాంకర్లు రోజూ మన రోడ్ల మీద తిరుగుతాయి. 2015 జూన్‌లో పంజాబులో లూధియానా దగ్గర ఒక అమ్మోనియా ట్యాంకరు ఫ్లైఓవరు కింద ఇరుక్కుని లీకైంది, ఆరుగురు పోయారు. 1992లో సెనెగల్ రాజధాని డాకార్‌లో మోతాదుకు మించి, 22 టన్నులు నింపిన ట్యాంకు పగిలి 129 మంది చనిపోయారు. ట్యాంకరు మీద నారింజ రంగు పలకపై 1005 అని అంకె కనిపిస్తే అది అమ్మోనియా. ఆ అంకె చూసి ఫోటో తీయడానికి దగ్గరికి వెళ్లకండి.

మరి ఇళ్లలో ఉన్నవాళ్లు పరుగెత్తాలా, ఉండాలా? 2002 జనవరిలో అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం, మైనాట్ పట్టణం దగ్గర అర్ధరాత్రి దాటాక రైలు పట్టాలు తప్పి అయిదు అమ్మోనియా ట్యాంకర్లు పగిలాయి. అంత పెద్ద మబ్బులో కూడా ఎక్కువమంది బతికారు. కిటికీలు, తలుపులు మూసి, తడి గుడ్డ ముక్కుకు పెట్టుకుని, స్నానాల గదిలో షవరు తిప్పుకుని లోపలే కూర్చున్నారు. చనిపోయింది ఒక్కరు. కాబట్టి మబ్బు ఇప్పటికే వాకిట్లోకి వచ్చి ఉంటే లోపలే ఉండండి. తలుపు సందుల్లో తడి గుడ్డలు కుక్కండి, ఫ్యాన్లు, ఏసీలు ఆపండి. మబ్బు దూరంగా ఉండి దారి తెరిచి ఉంటే అడ్డంగా తప్పుకోండి. తడి గుడ్డ అమ్మోనియాకు ఎందుకు పనికొస్తుందో ఇప్పుడు మీకే తెలుసు, దానికి నీళ్ల దాహం. ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్‌కు ఇది అంతగా పనికిరాదు, అది నీళ్లలో సరిగా కరగదు. 2020 మే 7న విశాఖలో ఆ స్టైరీనే లీకై వెంకటాపురం జనం తెల్లవారకముందే రోడ్ల మీద పడిపోయిన దృశ్యాలు మనమంతా టీవీలో చూశాం. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్లు ఉన్నా ఒక్కటీ మోగలేదని విచారణ కమిటీ రాసింది. వాయువు ఏదైనా, ఊరికి ముందుగా అందాల్సింది ఆ మోతే. మీ ఊరి సర్పంచికి, పక్క బడి హెడ్మాస్టరుకు మీ సైరన్ ఎలా మోగుతుందో తెలుసా?

చాలాసేపు మాట్లాడాను. ఇక కూర్చుని వినేది లేదు, లేవండి. ఈ ప్లాంటులో కంప్రెసరు గది తలుపు పక్కన అత్యవసర షవరు ఒకటి ఉంది, వచ్చేటప్పుడు చూశాను. గొలుసుకు బూజు పట్టి ఉంది. మేనేజరు గారు "పనిచేస్తుందండీ" అన్నారు. ఆయనే వచ్చి లాగుతారు, మనం చుట్టూ నిలబడి చూద్దాం. గొడుగులున్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లు గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడండి.